వీవర్ లేన్ షెడ్డుకు వచ్చిన ‘ఎఫ్’

డెనీస్ అక్రాయిడ్ నిచ్చెన మీద కాలు పెట్టగానే షెడ్డు యజమాని నార్మన్ అడ్డం వచ్చాడు.

"పైన ఏముంటుంది డెనీస్, సాలెగూళ్లు తప్ప? కప్పు కింద చలి ఆపే ఊలు పరిపించానని చెప్పాగా. రాసేయ్."

"చూడకుండా రాయను. నీ దగ్గర పని చేయించిన బిల్లు కూడా లేదాయె."

ఇంగ్లండులోని టాడ్‌మార్డెన్ చుట్టుపక్కల దుకాణాలూ షెడ్లూ వెచ్చదనానికీ వెలుతురుకూ ఎంత కరెంటు తింటాయో లెక్కగట్టి, ‘ఏ’ నుంచి ‘జీ’ దాకా గ్రేడు వేయడం డెనీస్ పని. ఆ పత్రం లేనిదే కట్టడాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. గ్రేడు ‘ఈ’ కంటే దిగిందంటే, మినహాయింపు ఉంటే తప్ప, అద్దె ఊసే ఎత్తకూడదు.

భర్త కీత్ పోయాక, యాభై దాటిన వయసులో ఆమె ఈ పని నేర్చుకుంది. మొదట్లో తన దుకాణాలకు పిలిచి పని ఇచ్చింది నార్మనే. అంతకుముందు కీత్‌ను చలికాలమంతా హాలిఫాక్స్ ఆసుపత్రికి తన కారులో తిప్పిందీ అతనే.

తలుపు దగ్గర నస్రీన్ టేపుతో గోడ కొలుస్తోంది. తన కుట్టుపని కేంద్రం ఉన్న పాత చోటును ఆమె నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. ఈ షెడ్డు అద్దెకు దొరుకుతుందనే ఆశంతా.

డెనీస్ కప్పు మూత పక్కకు నెట్టింది. ఈదురుగాలి మొహాన కొట్టింది. పలకరాళ్ల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. ఊలు పోగు కూడా లేదు.

ఆమె దిగి వచ్చేసరికి నార్మన్ గొంతు తగ్గించాడు. "కీత్ కోసం నేనెంత తిరిగానో నీకు గుర్తు చేయాలా?"

"గుర్తుంది నార్మన్. చచ్చేదాకా ఉంటుంది. కానీ ఇది ‘ఎఫ్’."

"ఒక్క అక్షరమే కదమ్మా! ఆ పిల్ల బతుకు నీ చేతుల్లో ఉంది, చూడు."

నస్రీన్ టేపు వదిలేసింది. అది సర్రున చుట్టుకుపోయింది. "నన్ను అడ్డం పెట్టుకోకండి నార్మన్ గారూ. మా వాళ్ల వేళ్లు చలికి కొంకర్లు పోతే సూది ఎవరు పడతారు? మీరా?"

నార్మన్ ముఖం కందగడ్డయింది. "ఇద్దరూ నడవండి బయటికి!"

గడప దాటుతూ డెనీస్ చెప్పింది: "ఈ పాత ట్యూబులైట్లు తీసేయ్, కప్పు కింద ఊలు పరిపించు, ఆ హీటర్లు మార్పించు. ‘డీ’ దాకా వస్తుంది." అతను మొహం తిప్పుకున్నాడు.

నెలాఖరుకు నస్రీన్ కుట్టు మిషన్లన్నీ బర్న్‌లీలో ఉన్న వాళ్లక్క గ్యారేజీకి చేరాయి. పబ్‌లో డెనీస్ కనిపిస్తే నార్మన్ గ్లాసు తీసుకుని అవతలి బల్లకు పోయేవాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, కీత్ ఉంటే ఏమనేవాడోనని ఆమె మథనపడింది. పత్రం మార్చాలని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

వసంతం మొదట్లో షెడ్డు ముందు ఊలు చుట్టల లారీ ఆగింది. ఇంకొన్ని వారాలకు ఫోన్ మోగింది.

"వచ్చి చూసుకో," అన్నాడు నార్మన్. అంతే.

ఈసారి నిచ్చెన అతనే పట్టుకున్నాడు. గ్రేడు ‘డీ’ వచ్చింది. తర్వాతి వారమే నస్రీన్ షెడ్డులో మిషన్లు దింపింది. ఆమె ఇచ్చిన టీ డెనీస్ తాగింది, నార్మన్ వద్దని వెళ్లిపోయాడు.

తన మిగతా దుకాణాలకు గ్రేడు వేయడానికి అతను రోచ్‌డేల్ నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నాడు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం డెనీస్ పబ్ దాకా వెళ్లి, లోపలికి పోకుండా వెనక్కి వచ్చేసింది.