అవ్వ గద్దించిన పాట

మా బ్యాండులో ముగ్గురమే. ఉయ్యాలవాడలో ఆటో తోలే స్నేహితుడు పాడేవాడు. నంద్యాల ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పే నేను గిటారు వాయించేవాణ్ణి. డ్రమ్స్ వాయించేవాడికి సౌండ్ సిస్టమ్ దుకాణం ఉండేది. దాని వెనక గదిలోనే మా ప్రాక్టీసు.

బైబిల్లో ఉన్న దావీదు కీర్తనల మొరలను మా యాసలోకి మార్చి ర్యాప్‌లా గబగబా చెప్పేవాడు మా గాయకుడు. చరణం చివర గిటారూ డ్రమ్సూ ఒక్కసారిగా విరుచుకుపడితే, గొంతు అడుగునుంచి గర్జించేవాడు. కష్టంలో ఉన్న మనిషి దేవుణ్ణి అంత గట్టిగానే పిలుస్తాడని మా నమ్మకం. పెద్దలకు మాత్రం అది ఉత్త గోల.

చాలాసార్లు బతిమాలితే ఆళ్లగడ్డలోని మా చర్చి పాస్టరుగారు పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్ కూడికలో పాడటానికి ఒప్పుకున్నారు.

"ఒక్క పాటే. చెవులు పోయేట్టు సౌండు పెట్టాకండప్పా" అన్నారు.

మొదటి చరణం బాగానే సాగింది. గర్జన మొదలవగానే ముందు వరసలో చాపమీద కూర్చున్న అవ్వ లేచింది. ఆమె నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ ముందు ఆమె దగ్గరికే తీసుకుపోయేది. ఆమె నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేది.

అవ్వ నేరుగా స్టేజీ ఎక్కి మా వాడి నుదుటిమీద అరచెయ్యి ఆనించింది.

"యేసు నామంలో గద్దిస్తాండా! ఈ బిడ్డను వదిలిపెట్టి పో!"

మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట మా పాటకన్నా గట్టిగా వినిపించింది. డ్రమ్స్ వాడు ఆమె మాటకు తగ్గట్టు దెబ్బలు వేశాడు. జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మా గాయకుడొక్కడే ఆమె చేతికింద తల వంచుకుని నిలబడ్డాడు.

ఎవరో తీసిన వీడియో మర్నాటికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చింది. మా పాట పూర్తిగా విన్నవాళ్ళు తక్కువ. అవ్వ స్టేజీ ఎక్కే దగ్గర్నుంచే చూసేవాళ్ళు. నంద్యాల, కర్నూలు, తర్వాత హైదరాబాదు నుంచి యూత్ మీటింగులకు పిలుపులొచ్చాయి. "వదిలిపెట్టి పో" అని అచ్చువేయించిన టీషర్టులు వేసుకుని తిరిగాం. నాదైతే ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది.

ఒకరోజు అమ్మ చెప్పింది: "ఆయమ్మ చర్చికి రావడం మానుకుంది. పిల్లోల్లు సందులో ఆయమ్మను చూసి గర్జిస్తాండారంట."

పోయి కలుస్తానన్నాను. హైదరాబాదు ప్రోగ్రాం దగ్గరపడిందని పోలేదు.

ఆ తర్వాత నంద్యాలలో పెద్ద సభ. మేం పాట మొదలుపెట్టకముందు నిర్వాహకులు తెరమీద ఆ వీడియో వేశారు. మైదానమంతా ఒకే గొంతుతో "వదిలిపెట్టి పో!" అని అరిచి నవ్వింది. మా గాయకుడు మైకు కిందికి దించి నావైపు తిరిగాడు.

"మనం దేవున్ని పిలుస్తాండామా, అవ్వను ఎగతాళి చేస్తాండామా?"

నేను గిటారు అందుకున్నాను. వాడు పాడాడు గానీ గర్జించలేదు.

మర్నాడు వాడి ఆటోలోనే ఇద్దరం ఆళ్లగడ్డ పోయాం. అవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వాణ్ణి చూడగానే గుర్తుపట్టింది.

"గొంతు ఎట్లుంది నాయనా?"

"బాగుందవ్వా. అది దయ్యం కాదు. పాటే."

"పాటని తర్వాత చెప్పిరి. ఆ పొద్దు నాకేం తెలుసు? మా చిన్నోడు ఫిట్సు వచ్చినప్పుడు అట్లనే అరుస్తాండె. వాడు పోయేటప్పుడు నేను చేనుకాడ ఉంటి. నిన్ను చూస్తానే వాడే అనిపించి ఉరికొస్తి."

ఆమెకు చిన్నకొడుకు ఉండేవాడన్న సంగతే నాకు తెలియదు.

"తప్పయింది, క్షమించవ్వా" అన్నాను.

"క్షమిస్తి లే" అంది, చాటలోంచి ఒక రాయి ఏరి పారేస్తూ.

మా వాడు ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. "నాకోసం ప్రార్థన చెయ్యవ్వా."

ఆమె చెయ్యి ఎత్తింది. నా జేబులోని ఫోను వైపు చూసి దించేసింది.

"మనసులో చేసుకుంటాలే నాయనా. పైకి చెయ్యాలంటే భయమైతాంది."

మేమూ మా యూట్యూబ్ ఛానల్లో పెట్టుకున్న ఆ వీడియోను తీసేశాం. "అది తీసేస్తే మనల్ని ఎవరు పిలుస్తారప్పా?" అని డ్రమ్స్ వాడు గొడవపడ్డాడు. వాడన్నట్టే పిలుపులు తగ్గి, చివరికి ఆగిపోయాయి. వాడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో చేరాడు. ఇతరుల ఫోన్లలో ఉన్న వీడియోను మేం ఏమీ చేయలేకపోయాం.

ఇప్పుడు ఆదివారాలు మా గాయకుడే ఆటోలో అవ్వను చర్చికి తీసుకొస్తున్నాడు. వాడు అడిగాడనే వస్తుందట. పాస్టరుగారు "ఎవరైనా ఒక అమ్మ ప్రార్థన చెయ్యండి" అంటే, అలవాటుకొద్దీ తలలన్నీ ఆమెవైపు తిరుగుతాయి. ఆమె పక్కావిడను మోచేత్తో పొడిచి, నువ్వు చెయ్ అంటుంది. ఆ పక్కావిడ ప్రార్థన సాగినంతసేపూ నాకు కళ్ళు మూసుకోబుద్ధి కాదు; ఒళ్ళో ముడుచుకున్న అవ్వ చేతులవైపే చూస్తుంటాను.