పనసచెక్కతో చెక్కిన అక్షరం

ఇప్పటికీ కిరసనాయిలు వాసన తగిలితే నా గుండె దడదడలాడుతుంది. మా చెరుకుతోటల దీవిలో గుడ్‌ల్యాండ్స్ అనే ఊళ్లో ఒక చిన్న అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే మా నాయన రోజూ సాయంత్రం వాటి సిరాను కిరసనాయిలు గుడ్డతోనే తుడిచేవాడు, ఆ వాసన ఆయన చేతుల్ని వదిలేదే కాదు.

పెద్ద పోస్టర్లకు కర్ర అక్షరాలుండేవి. ప్రతి గీత చివరా ఇటుక పెట్టినట్టు చదరంగా, మందంగా పాదాలు. వాటిని ఎజిప్సియెన్ అనేవారు. తుపాను హెచ్చరికలు, సినిమా ఆటలు, మా రామభజన పిలుపులు, అన్నీ వాటితోనే, బస్సులో పోయేవాడికి కూడా కనబడాలి కదా. పాదాలున్న అక్షరం గాలికి పడదని నాయన అంటే నేను నిజమనుకునేదాన్ని. మా దీవిలో పోస్టర్లు ఫ్రెంచిలో ఉండేవి, ఆ మాటల్లో E ఎక్కువ కాబట్టి అదే ముందు అరిగిపోయేది. ఒకసారి ఒకటి పగిలితే నాయన పనసచెక్కతో కొత్తది చెక్కాడు. ఉలి జారి దాని నడిమి పాదం ఏటవాలుగా తెగింది. మా నాయన ఏటవాలు పాదమున్న అక్షరం చేశాడని బడంతా టాంటాం వేశాను. విన్నవాళ్లలో, చెరుకుతోటలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారు కూతురూ ఉంది.

స్వాతంత్ర్యం కోసం ఓట్లు జరిగిన ఏడాది, చెరుకు కోతల కాలంలో, ఒక పొద్దున బస్టాండు గోడమీద పేరులేని పోస్టరు వెలిసింది. ఆ సర్దారు జనాన్ని బెదిరించి ఓట్లు వేయిస్తున్నాడని దాని సారాంశం. అచ్చేసినవాడి చేతులు విరుస్తానని సర్దారు బజార్లో ఒట్టేశాడు. బడికి పోతూ చూశాను. రెండో వరుసలో ఆ ఏటవాలు పాదం! హడావిడిలో E లు చాలక నాయన దాన్నే పెట్టేశాడు. అది ఎవరు చెక్కిందో సర్దారు కూతురికి తెలుసు.

మధ్యాహ్నం నాయనకు అన్నం క్యారియర్ ఇచ్చే వంకతో వెళ్లి, ఆ E ని గౌనులో దాచి తెచ్చి, అమ్మ పప్పు ఉడికిస్తున్న పొయ్యిలో పడేశాను. సిరా తాగిన చెక్క భగ్గున మండింది. ఇక భయం లేదనుకున్నాను.

సాయంత్రం నాయన పాలిపోయిన మొహంతో వచ్చి అమ్మతో మెల్లగా, "అక్షరం పోయింది. సెర్తెన్, తప్పకుండా సర్దారు మనుషుల చేతికే చిక్కింది," అన్నాడు.

చెబితే కొడతాడని నా భయం. నాలుగు రోజులు నాయనకు ముద్ద దిగలేదు. వీధిలో సైకిలు గంట మోగితే లేచి పెరట్లోకి పోయేవాడు. నాయన కూడా భయపడతాడని అంతవరకూ నాకు తెలియదు, అది చూడటమే అన్నిటికన్నా భయంగా ఉండేది. ఐదోనాడు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "నాయనా, మోన్ బ్రిల్ లి," అన్నాను మా దీవి భాషలో, దాన్ని నేనే కాల్చేశానని.

కొట్టలేదు. దగ్గరికి లాక్కున్నాడు. "నేనూ కాల్చేద్దామనే వెతికినా, అమ్మాయ్," అన్నాడు. మర్నాడు సర్దారు మనుషులు ప్రెస్‌కి వచ్చి అక్షరాల పెట్టెలన్నీ బోర్లించి చూసి, ఉత్తచేతులతో పోయారు.

ఆ ప్రెస్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల దుకాణం. కర్ర అక్షరాలు టూరిస్టు హోటళ్ల గోడలకు అలంకారమైపోయాయని నా ఈడువాళ్లు నిట్టూరుస్తారు. మొన్న ఎన్నికలప్పుడు బస్టాండులో నిలబడి పోస్టర్లు చాలాసేపు చూశాను. అన్నీ కంప్యూటర్ అక్షరాలే, ఏ E చూసినా ఒక్కలాగే ఉంది, ఎవరి చెయ్యీ కనబడలేదు. నాకు నిట్టూర్పు రాలేదు. ఆనాడూ అలాగే ఉండుంటే మా నాయన ఆ నాలుగు రోజులూ అన్నం తినేవాడు.