ఎస్తేరవ్వ మా గడప ముందు కూర్చున్న రోజు

మొన్న బట్టల బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. వెంటనే గోదావరిఖని దగ్గర మా కార్మికుల కాలనీలో, చర్చి గోడకు ఆనించి కట్టిన చిన్న పుస్తకాల గది కళ్లముందుకొచ్చింది. అప్పటికింకా తెలంగాణ రాలేదు. నాకు తొమ్మిదేళ్లు.

ఆ చర్చి సంగతి పెద్దవాళ్లు చెప్పేవారు. మొదటి బొగ్గుబాయి తెరిచినప్పుడు పనికొచ్చిన నాలుగైదు కుటుంబాలు రేకుల షెడ్డులో ప్రార్థన చేసుకునేవట. డ్యూటీ దిగిన మగవాళ్లు ముఖాల మీది బొగ్గు కడుక్కోకుండానే ఇటుకలు మోసి గోడలు లేపారట. చదువురాని కార్మికులకు ఇంటినుంచి వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టడానికని పక్కన ఒక గది కట్టారట. ఉత్తరాలు తగ్గిపోయాక అందులోకి పుస్తకాలు చేరాయి. నేనెరిగేనాటికి కలరా ఉండలు వేసిన రెండు అద్దాల బీరువాలు, ఒక చాప, వాటిని చూసుకునే ఎస్తేరవ్వ. ఆమె పెళ్లి చేసుకోలేదు. బాయిలో పనిచేసే తమ్ముడు ప్రభుదాసుతో చర్చి వెనక ఇంట్లో ఉండేది.

మాది బతుకమ్మ పేర్చే ఇల్లు, అయినా నా వేసవి మధ్యాహ్నాలన్నీ ఆ చాప మీదే గడిచేవి. డిసెంబరులో ఆమె వండి పంపే గులాబీ పువ్వులు కరకరలాడుతూ నోట్లో తీయగా విరిగేవి. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లకు ముందు సైరన్ మోగగానే ఆమె చేతులు చాపి బీరువా అద్దాలను అదిమిపట్టేది, కింద నేల కదిలేది, మేం పిల్లలం పుస్తకాలతో ముఖాలు కప్పుకునేవాళ్లం.

అదే ఎస్తేరవ్వ తెల్ల చీరలో మా సందులోకి వస్తే మాత్రం నాకు భయమేసేది. బాయిలో ఎవరికి ఏమైనా ఆ ఇంటికి ముందు వెళ్లేది ఆమే. ఆడవాళ్ల పక్కన కూర్చోవడం, నీళ్లు తాగించడం, పిల్లలకింత అన్నం పెట్టడం, ఏ దేవుణ్ణి మొక్కే ఇల్లయినా సరే, అది ఆ చర్చి ఎంచుకున్న పరిచర్య. మాకది తెలియదు. ఆమె కనిపించగానే చిర్రగోనె ఆట ఆపి, ఎవరింటికి పోతుందోనని ఊపిరి బిగబట్టేవాళ్లం. మా ఇల్లు దాటిపోతే ఊపిరి వదిలి, ఆ వెంటనే సిగ్గుపడేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున నాన్న మొదటి షిఫ్టుకు వెళ్లాడు. అమ్మ మామిడికాయ ముక్కలు ఎండబెడుతుండగా పక్కింటామె పరుగెత్తుకొచ్చి, "బాయిల కప్పు కూలిందట, కొందరు లోపల్నే ఉన్నరట," అంది. ఎవరెవరో ఆమెకు తెలియదు. ఇంతలో సందు మలుపులో తెల్ల చీర కనిపించింది. ఈసారి మా ఇల్లు దాటిపోలేదు. అమ్మ నన్ను లోపలికి లాగి గడియ పెట్టింది.

"సరోజా, నేను ఏ కబురూ తేలే. తలుపు తియ్యి," అని అమ్మను పిలిచింది ఎస్తేరవ్వ.

"తియ్యకు. తీస్తే చెప్తది," అని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తలుపు సందులోంచి చూశాను. ఆమె వెళ్లిపోలేదు. గడప ముందు ఎండలోనే, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలేదాకా అమ్మ నన్ను నీళ్లకు కూడా లేవనివ్వలేదు.

చివరికి జీపు చప్పుడైంది. చేతికి కట్టుతో, ఇద్దరి భుజాల మీద ఆనుకుని నాన్న వస్తున్నాడు. అమ్మ తలుపు తీసి పరుగెత్తింది. నాన్నను తెచ్చినవాళ్లలో ఒకాయన ఎస్తేరవ్వ ముందు వంగి, "అవ్వా, ప్రభుదాసు దక్కలే," అన్నాడు. తమ్ముడూ ఆ బాయిలోనే చిక్కుకున్నాడని తెలిసే ఆమె అంతసేపూ మా గడప ముందు కూర్చుంది.

అమ్మ చాలా రోజులు ఆమెకు అన్నం తీసుకెళ్లింది. ఒకరోజు అడిగింది: "ఆ పొద్దు మా ఇంటికెందుకొచ్చినవక్కా?"

"భయమైంది సరోజా. ఒక్కదాన్ని కూసోలేకపోయిన. నీ పెనిమిటి గూడ లోపల్నే ఉన్నడంటే, ఇద్దరం ఒక్కతాన కూసుందమని వచ్చిన."



తర్వాత ఓపెన్‌కాస్టు పెరిగి కాలనీ ఖాళీ చేయించారు. పుస్తకాలు కొన్ని రామకృష్ణాపూర్ చర్చికి చేరాయి, మిగతావి చెదలు తిన్నాయి. కాసిపేటలో బంధువుల దగ్గర ఎస్తేరవ్వ పోయిందని ఆలస్యంగా తెలిసింది. ఈమధ్య అమ్మను తీసుకెళ్లి కాలనీ ఉన్న చోటును కంచె బయటినుంచి చూపించాను. చర్చి లేదు, సందు లేదు, ఎటు చూసినా నల్లటి లోతు. అమ్మ దానిలోకి చూసి, "అంతసేపు ఎండల కూసోబెడితిని," అంది.