పనసాకులు మావి, పొట్టిక్కలు ఆవిడవి

పనస చెట్టు మా పెరట్లోది. ఆకులు కోసేది నేను. నాలుగేసి ఆకులు కలిపి పుల్లలు గుచ్చి బుట్టలు కుట్టేదీ నేనే. వాటిలో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు ఉడికించేది మాత్రం వీధి చివరింట్లో ఉండే మా తోటికోడలు. ఆవిడ చేస్తేనే మా అమ్మాయి తింటుంది మరి.

ఒకసారి నేనే చేసి పెడితే ఒక ముక్క తుంచి, "నేనంటే నీకు ఇష్టం లేదని తింటుంటేనే తెలుస్తోంది," అని పళ్లెం తోసేసింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. అరగంట తిరిగేసరికి వాళ్ల పిన్ని అరుగు మీద కూర్చుని కిలకిలా నవ్వుతోంది. ఆ నవ్వు మా గుమ్మం దాకా వినిపించింది. కడుపు భగ్గుమంది. తొమ్మిది నెలలు మోసింది నేను, అమ్మయింది ఆవిడ.

అప్పటికే కాకినాడలో డాక్టరమ్మ పిల్ల జబ్బు పేరు చెప్పారు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. ఆ పేరుకి నోరు తిరగడానికే నాకు వారం పట్టింది.

"ఇవాళ దేవతన్నవాళ్లనే రేపు దెయ్యం అంటుందండి. నటన కాదండి, ఆ నిమిషానికి తనకి అదే నిజం. అందరూ వదిలేసి పోతారేమోనని భయం. ఎవరినన్నా చెడ్డవాళ్లంటే మీరు ఔననొద్దు, వాదించొద్దు. బాధగా ఉందా అమ్మా అనండి, చాలు," అన్నారావిడ.

"ఆయ్, అలాగేనండి," అని తలూపాను. నిజానికి నా చెవికెక్కింది ఒక్కటే, దేవత రేపు దెయ్యమవుతుందని. ఆ రేపు కోసం కాచుకుని కూర్చున్నాను.

వచ్చింది. మా తోటికోడలు అంబాజీపేటలో తమ్ముడి పెళ్లిచూపులకి వెళ్లింది. ఫోను సంచిలో ఉండిపోయింది. మా పిల్ల మధ్యాహ్నమంతా చేస్తూనే ఉంది. సాయంత్రానికి నా ఒళ్లో తల పెట్టి, "పిన్ని నన్ను వదిలించుకుంటోందమ్మా. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు," అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఉన్నమాట చెప్పొద్దూ, ఆ ఏడుపు నాకు పాయసం తాగినట్టుంది. బాధగా ఉందా అనాల్సిన దాన్ని, "నాకు ముందే తెలుసమ్మా, ఆవిడ రకమే అంత," అన్నాను. అక్కడితో ఆగానా? ఆవిడ అనని మాటలు కూడా అన్నదని కల్పించి చెప్పాను.

పది రోజులు నేనే దేవతని. నా చేతి పొట్టిక్కలు అడిగి మరీ చేయించుకుంది. పదకొండో రోజు, గది తలుపు గడియ వేసుకోవద్దన్నందుకు దెయ్యాన్నయ్యాను. చెప్పులేసుకుని విసవిసా వీధిలోకి నడిచింది. అలవాటు చొప్పున పిన్ని ఇంటి దాకా వెళ్లి, గేటు ముందు ఆగిపోయింది. లోపలికి వెళ్లలేదు, వెనక్కీ రాలేదు. చేతుల మీద తనే పెట్టుకున్న గాట్లు కనపడకుండా వేసుకునే పొడుగు చేతుల చుడీదారుతో మండుటెండలో అలా నిలబడిపోయింది. నా మీద కోపమొస్తే దానికి పోవడానికి ఒక్క ఇల్లుండేది. ఆ తలుపు నేనే మూసేశాను.

పరుగెత్తాను. పిల్ల మొహం తిప్పుకుంది. దాన్ని దాటుకుని లోపలికి వెళితే మా తోటికోడలు కొబ్బరి కోరుతోంది.

"నీ మీద దానికి లేనిపోనివి చెప్పేను. కుళ్లుకుని చెప్పేను. బయట నిలబడిపోయింది, లోపలికి పిలు," అన్నాను.

ఆవిడ కోరడం ఆపలేదు. "మొన్న అది ఫోనులో నన్నన్న మాటలన్నీ నీవేనని అప్పుడే తెలుసుకున్నానక్కా. నాతో చెప్పి ఏం లాభం? వెళ్లి దానితో చెప్పు. తర్వాత పిలుస్తాను."

మళ్లీ రోడ్డు మీదికి వచ్చాను. "పిన్ని గురించి నేను చెప్పినవి అబద్ధాలమ్మా. నన్నొదిలేసి నువ్వు ఆవిడ పిల్లవైపోతావేమోనని భయమేసింది."

ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. "నీక్కూడా అలా ఉంటుందా?" అంది.

ఉంటుందన్నాను. లోపలినుంచి పిన్ని పిలిచింది. అది వెళ్లిపోయింది.

నేనింటికి చేరేసరికి వీధి చివర్నుంచి నవ్వు వినిపించింది. కడుపు మళ్లీ భగ్గుమంది. అయినా పెరట్లోకి వెళ్లి, ఆవిడ చేసే పొట్టిక్కలకి పనసాకులు కోశాను.