పిడికిలికి జాకెట్టు

ఇప్పుడు మీకో మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. ఇందులో ఒక వీరవనిత ఉంది, ఒక మాజీ సైనికుడు ఉన్నాడు, రక్తం కూడా చిందుతుంది. కాకపోతే చిందింది నాలుగు చుక్కలు. సంగ్రామం ఇసక మూటతో. మూట చివరిదాకా ఏమీ అనలేదు.

2004లో హుకుంపేటలో బస్సులు ఆగేచోట నా టైలరు షాపు. షాపంటే ఒక మిషను, ఒక బల్ల, కుట్టించుకుని మర్చిపోయిన వాళ్ల జాకెట్లు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. చోడవరంలో పని నేర్చుకుని కొండెక్కాను. నా ఫిటింగుకి ఏజెన్సీలో మంచి పేరుందని అందరికీ నేనే చెప్పేవాణ్ని.

ఒక సంతరోజు పొద్దున్నే రాజులమ్మ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి వచ్చి, రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ల మొదట్లో కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది.

“అన్నా, సెయ్యికి జాకెట్టు కుట్టీగలవా?”

“సేతుల జాకెట్టు కుడతాను గానీ, సేతికి జాకెట్టేటి సెల్లీ?”

“నవ్వకు. ఇసక మూటని గుద్దితే ఇలాగైపోనాది.”

“మూట నిన్నేటన్నాది?”

విషయం ఏమిటంటే, మూడు వారాల్లో విశాఖపట్నంలో ఆడపిల్లలకి బాక్సింగ్ సెలక్షన్. ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకోవచ్చు. కాకపోతే కాఫీతోటలో పళ్లు ఏరుకోవచ్చు. ఆ రెండో పని ఆమెకి అప్పటికే వచ్చు. మిలటరీలో బాక్సింగ్ చేసి రిటైరైన ఆమె మేనమామ, గోనెలో ఇసక నింపి పనసకొమ్మకి కట్టి గుద్దమన్నాడు. సెలక్షన్లో ముందు చేతులు నొక్కి చూస్తారని, వాపుంటే అటునుంచటే ఇంటికి పంపేస్తారని కూడా ఆయనే చెప్పాడు. అంటే గుద్దడం నేర్చుకోవాలి, గుద్దినట్టు చేతులకి తెలియకూడదు.

నేను ఆడవాళ్లకి ఆదిని బట్టి కుడతాను. ఆది అంటే కొలతకి ఇచ్చే పాత జాకెట్టు. చేతికి ఆది ఎక్కణ్నించి తెస్తాం? ఆమె అరచేతిని పాత పేపరు మీద చాపించి, చుట్టూ పెన్సిల్‌తో గీశాను. కణుపుల మీదికి వచ్చేచోట లోపల రెండు వరసల బక్రం పెట్టాను. బక్రం అంటే చొక్కా కాలరు నిలబడటానికి వేసే గట్టి గుడ్డ. సాయంత్రానికి తొడిగి చూస్తే ఎక్కడా ముడత లేదు. పెళ్లికూతురి జాకెట్టుకి కూడా అంత ఫిటింగు రాలేదు నాకు.

తర్వాతి సంతకి ఆమెతోపాటు మేనమామ కూడా వచ్చాడు. సన్నటి మనిషి, గుబురు మీసం. తొడుగుల్ని బల్ల మీద పడేశాడు. కుడి తొడుగుకి బొటనవేలి దగ్గర కుట్టు విచ్చిపోయింది. రాజులమ్మ కుడిచెయ్యి నడిమి కణుపు ఉబ్బి ఉంది. బక్రం అంచు కోసిన గీత కూడా ఉంది.

“ఇయ్యి నువ్వు కుట్టినవేనేటి? శత్రువుకిచ్చుంటే యుద్ధం బేగి అయిపోను.”

“ఫిటింగు బాగానే ఉంది కదా బాబూ?”

“సెయ్యి సాపితే బాగుంది. సాపిన సేత్తో కొడితే దాన్ని లెంపకాయంటారు.”

రాజులమ్మ నవ్వలేదు. “ఏళ్లు తిమ్మిరెక్కి తెలీకుండా పోనాయన్నా. రెండు వారాలే ఉన్నాది. ఇది తగ్గకపోతే ఎల్లి ఏటి సెయ్యాల?” అంది.

నేను నా పిడికిలి బిగించి చూసుకున్నాను. పిడికిలి బిగిస్తే కణుపులు పైకి లేస్తాయి, చెయ్యి వెనక వైపు సాగుతుంది. ఈ సంగతి ఎవరికైనా తెలుసు, వాళ్లకి చెయ్యంటూ ఉంటే. నేనూ రెండు చేతులతో బతికేవాణ్నే, అయినా తట్టలేదు.

మేనమామ సంచిలోంచి ఒక పంచె తీశాడు. పెళ్లి పంచె త్యాగం చేస్తున్నాడేమో అనుకున్నాను. అడిగితే, “పెళ్లిదా? ఎలకలు కొరికీసింది” అన్నాడు. ఎన్నో ఉతుకులకి నలిగి, పసిపిల్లల గుడ్డలా మెత్తగా ఉంది. దాన్ని పొడవునా రెండంగుళాల పట్టీలుగా చింపాను. అలవాటు కొద్దీ అంచు మడవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“మడిస్తే గట్టుకడతాది. ఆ గట్టే కణుపుని కోసీద్ది.”

“పోగులు ఊడిపోతాయి బాబూ.”

“ఊడనీ. సెయ్యి ఉంటే సాలు.”

తర్వాత ఆయన కట్టి చూపించాడు. వేళ్లు బాగా విప్పి పెట్టాలి. మణికట్టుకి మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటి, బొటనవేలికి ఒకటి, మళ్లీ మణికట్టు దగ్గర ముడి. “ఇప్పి కట్టాల, మూసి సూడాల” అన్నాడు. విప్పినప్పుడు కాస్త వదులు, మూసినప్పుడు బిగువు. గోళ్లు నీలంగా మారితే విప్పేసి మళ్లీ కట్టాలి.

ఇక మూట సంగతి. ఇసక కిందకి దిగి దిగి బండరాయైంది. అది పారబోసి, నా బల్ల కింద ఏడాదిగా పోగైన గుడ్డముక్కలు నింపమన్నాను. ఈ కథలో నేను సరిగ్గా చెప్పిన మాట ఇదొక్కటే. కుడిచేతికి వారం సెలవిచ్చి ఎడమచేత్తో మెల్లిగా తట్టడంతో మొదలుపెట్టించాడు మేనమామ. బొటనవేలు పిడికిలి బయట, మణికట్టు నిటారుగా, దెబ్బ చూపుడువేలి, నడిమి వేలి కణుపులతోనే. రాజులమ్మకి విసుగొచ్చింది. కణుపు వాపు మాత్రం పదో రోజుకి తీసింది.

సెలక్షన్లో ఒకాయన చేతులు నొక్కి చూసి, ప్రాక్టీసుకి ఏం వాడావని అడిగాడట.

“మావ పంచెండీ” అందట.

ఎంపికైంది.

ఒళ్లు ఊరుకున్నప్పుడు తీసిన కొలత, ఒళ్లు పని చేసేటప్పుడు పనికిరాదని నాకు అప్పుడు తెలిసింది. ఆనాటినుంచి జాకెట్టు తొడిగి చూసుకునేవాళ్లని, అటక మీది డబ్బా దింపుతున్నట్టు చేతులెత్తి చూడమంటాను. నాకు తిక్క అనుకుంటారు. చంకలో కుట్లు ఊడటం మాత్రం తగ్గింది.

వేసవి సెలవులకి రాజులమ్మ షాపుకి వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికేమో అని నేను జుట్టు సవరించుకున్నాను. హాస్టల్లో ఇచ్చిన కొత్త పట్టీలు బల్ల మీద పెట్టి, చివర నొక్కితే అతుక్కునే వెల్క్రో ముక్క అంటుకోవడం లేదంది. సూదితో గీకితే పిడికెడు నూలుపోగులు వచ్చాయి. వెల్క్రోని మూసి ఉతకాలి, తెరిచి ఉతికితే పోగులన్నీ పట్టేసుకుంటుంది.