తిరువూరు మామిడల్లం సోడా: ఐసు తీసేస్తే ఎన్ని మార్కులు?

ఏడాదిగా ఈ బ్లాగులో సీసా సోడాలకు మార్కులు వేస్తున్నాను. హైస్కూల్లో సైన్సు టీచర్ని కాబట్టి ఆ పని నాకు కొత్త కాదు. విజయవాడ సూపర్ మార్కెట్లలో దొరికే విదేశీ సీసాలూ, బెంగళూరు నుంచి వచ్చే కొత్త రకాలూ కలిపి నలభై దాకా తాగి, పదికి ఎన్నో తేల్చి పారేశాను. నెల కిందట ఎవరో కామెంట్ పెట్టారు: "తిరువూరు మామిడల్లం సోడా తాగకుండా మీరేసిన మార్కులన్నీ వేస్ట్ మేడం." నాకు ఒళ్లు మండింది. ఎన్నో ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్న నాకే మార్కులు వేస్తాడా! అడ్రసు పెట్టమన్నాను. ఫోన్ నంబరు కూడా పెట్టాడు. ఏప్రిల్‌లో రెండో శనివారం సెలవు చూసుకుని బయల్దేరాను.

విజయవాడ బస్టాండులో ఆరున్నరకి తిరువూరు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకున్నాను. మగవాళ్లకైతే నూరు రూపాయలు దాటుతుంది. పక్కపక్కన పెట్టి పోల్చడానికి నాలుగు సీసాలు తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాను. రెండు విదేశీవి, రెండు బెంగళూరువి. అన్నిటికంటే ఖరీదైనది అల్లం సోడా, ఒక్కటే నూట ఎనభై. మైలవరం దాటాక గతుకుల్లో సంచి గలగలలాడటం మొదలుపెట్టింది. కండక్టర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి నా పక్కన ఆగాడు.

"సంచిలో సీసాలేంటండీ మేడం? మనం వెళ్లేది తెలంగాణ బోర్డర్ వైపు. చెకింగోళ్లు ఎక్కితే నన్ను అడుగుతారు."

తువ్వాలు విప్పి చూపించాను. లేబుల్ చదివి, ధర చూసి, కళ్లు పెద్దవి చేశాడు. "సోడానా! ఇంత పెట్టేకంటే మందు సీసా తెచ్చుకున్నా బాగుండేదండీ" అన్నాడు. బస్సులో సగం మంది నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు.

ఎనిమిదీ ముప్పావుకి తిరువూరులో దిగాను. బస్టాండు ఎదురుగా హోటల్లో పెసరట్టు, ఉప్మా, టీ కలిపి డెబ్భై అయ్యాయి. బయటికి వచ్చి కామెంట్ పెట్టిన నంబరుకు ఫోన్ చేస్తే, పది అడుగుల దూరంలో ఆగి ఉన్న ఆటోలో ఫోన్ మోగింది. డ్రైవరు పేరు ఏసోబు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నా బ్లాగు చదువుతాడట. గంపలగూడెం రోడ్డులో ఉన్న సోడా షెడ్డుకు అందరి దగ్గరా తీసుకున్నట్టే నా దగ్గరా ఇరవై తీసుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "సోడా చేసేది మా అక్కేనండి. ముందే చెబితే మీరు రారని చెప్పలేదు" అన్నాడు. నా మార్కులు వేస్టని తేల్చిన నిష్పక్షపాత విమర్శకుడు ఇతనన్నమాట!

అక్క పేరు రూతమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, చేత్తో తిప్పే సోడా మిషను, గోడ వెంబడి పచ్చటి గోలీ సీసాలు. పదకొండేళ్లుగా ఊళ్లో కిళ్లీ కొట్లకు మామూలు సోడా నింపి ఇస్తోంది. మామిడల్లం సోడా మాత్రం ఈ వేసవిలో తన సొంతంగా మొదలుపెట్టింది. మామిడల్లం చూడ్డానికి అల్లంలాగే ఉండే దుంప. విరిస్తే అచ్చం పచ్చి మామిడికాయ వాసన. మనవాళ్లు పచ్చడి చేసుకుంటారు. దాన్ని సోడాలో వేయాలన్న ఆలోచన మాత్రం ఈవిడదే.

నేను వెళ్లేసరికే అక్కడ ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెంకటేశ్వరరావు గారు, రెడ్డిగూడెం వైపు మామిడి రైతు. పది రోజుల్లో వాళ్ల అమ్మాయి పెళ్లి. భోజనాల దగ్గర నాలుగు వందల సీసాలు కావాలి. మగపెళ్లివారు సిటీవాళ్లు కాబట్టి విదేశీ సోడాలు పెడదామని ఆయన ఆలోచన; మధ్యాహ్నం విజయవాడ వెళ్లి అడ్వాన్సు ఇచ్చేస్తారట. ఏసోబు బతిమాలితే దారిలో ఆగారు. ఇది దొరికితే రూతమ్మకు అదే మొదటి పెళ్లి ఆర్డరు. దొరక్కపోతే మళ్లీ కిళ్లీ కొట్ల సోడాయే.

"టీచర్ గారంట కదా, మీరే తేల్చండి. మీరు ఏది బాగుందంటే అదే పెడతాను" అన్నారాయన. నా సంచిలోంచి విదేశీ అల్లం సోడా తీసేసరికి ఇంకా ఉత్సాహపడ్డారు. ఆయన పెళ్లికి అనుకుంటున్నది కూడా అదే రకం.

ఐసుపెట్టెలో చల్లబెట్టిన మామిడల్లం సోడాను రూతమ్మ బొటనవేలితో నొక్కింది. గోలీ టప్పున లోపలికి పడింది. ఒక్క గుక్క తాగాను. గ్యాసు ముక్కులోకి ఎక్కింది, వెనకే పచ్చి మామిడి వాసన, ఆ వెనక సన్నటి ఘాటు. అరవకుండా ఉండలేకపోయాను. "తొమ్మిది!" అన్నాను. ఇంతవరకు ఏ సీసాకూ ఎనిమిది దాటి ఇవ్వలేదు. వెంకటేశ్వరరావు గారు రెండు గుక్కలు తాగి, "కాయలు ఎన్ని వేశావమ్మా?" అని అడిగారు.

"ఒక్కటీ లేదండి బాబు."

నలభై ఏళ్లు మామిడి పండించిన మనిషి సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని చూశారు. విదేశీ సోడా కూడా గ్లాసుల్లో ఐసు వేసుకుని చల్లగా తాగాం. దానికి ఏడున్నర ఇచ్చాను. ఇంకేముంది, ఏసోబు అప్పుడే సీసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు రూతమ్మ అడ్డం వచ్చింది.

"ఐసు లేకుండా కూడా తాగి చెప్పండి. పెళ్లి పందిట్లో ఒంటిగంటకి ఐసు ఎంతసేపుంటది? నేనెప్పుడూ చల్లబెట్టకుండానే రుచి చూస్తాను. చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి ఏ సోడా అయినా బాగానే ఉంటదండి."

"అక్కా, ఊరుకోవే! తొమ్మిది ఇచ్చారు కదా" అని ఏసోబు తల పట్టుకున్నాడు.

నాకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. నలభై సీసాలు, నలభయ్యీ ఫ్రిజ్‌లోంచి తీసే తాగాను! పిల్లలకు వేడీ చలువా పాఠం చెప్పే మనిషిని.

బయట పెట్టిన సీసా ఇంకొకటి తెరిచింది. తాగాను. మామిడి వాసన బాగా తగ్గింది, మింగాక గొంతులో చేదు నిలబడింది. సీసాలో మిగిలిన విదేశీ సోడా కూడా చల్లదనం లేకుండా పాకంలా అయింది, కానీ చేదు లేదు. రూతమ్మ నా ముఖం వంకే చూస్తోంది. ఎనిమిది అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొదటి పెళ్లి ఆర్డరు నా నాలుక మీద ఉంది. కానీ తనంతట తాను అడిగిన మనిషికి అబద్ధపు మార్కు ఎలా వేస్తాను? "ఆరు" అన్నాను. "విదేశీదానికి ఏడు. మీదానిలో చివర చేదు వస్తోంది రూతమ్మగారూ." వెంకటేశ్వరరావు గారు నిట్టూర్చి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. నాకు చాలా బాధేసింది.

రూతమ్మ ఒక గుక్క తాగి, పుక్కిలించి, తల ఊపింది. "నిజమేనండి. పది రోజులు నిలవుండాలని ఈసారి మామిడల్లం రసం మరగబెట్టాను. అక్కడే పోయింది. బాబుగారూ, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి."

లోపలికెళ్లి చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. పొద్దున తన ఇంటివాళ్ల కోసం పచ్చిగా నూరి, గుడ్డలో పిండిన రసమట; చల్లారిన పాకంలో కలిపిందేగానీ పొయ్యి ఎక్కించలేదు. దాన్ని సీసాలో పోసి, నిమ్మరసం పిండి, నీళ్లు నింపి, మిషనులో బిగించి గిరగిరా తిప్పింది. గ్యాసు బుస్సుమంది. సీసా తలకిందులై తిరుగుతుంటే గోలీ మూతికి అతుక్కుంది. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు. మా ముగ్గురికీ గ్లాసుల్లో పోసింది.

ఏం చెప్పను! చెట్టు కిందే కాయ కోసి ఉప్పద్దుకుని కొరికినట్టుంది. చేదు ఆనవాలే లేదు. వెంకటేశ్వరరావు గారు గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపారు. "బాగుందమ్మా, చాలా బాగుంది. కానీ ఇది నిలవుండదు కదా?"

"ఒక పూటేనండి. అందుకే మిషనే మీ పందిట్లోకి తెస్తాను. వడ్డన మొదలవగానే నింపడం మొదలుపెడతాను. పెళ్లివారు చూస్తుండగానే తాగుతారు."

ఆయన పందిట్లో మిషను తిరుగుతుంటే, గోలీలు టపటపమంటుంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నట్టున్నారు, ముఖం వెలిగిపోయింది. అక్కడే ఫోన్ తీసి విజయవాడ కొట్టుకు రావడం లేదని చెప్పేశారు. "మనిషికి భోజనం పెడతాను, మిషనుకి ఏం పెట్టాలో నువ్వే చెప్పు" అని నవ్వారు. ఏసోబు ఆటో హారన్ మూడుసార్లు కొట్టాడు. రూతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "గ్యాసు కళ్లలోకి వచ్చింది" అంది. ఆ షెడ్డులో ఎవరూ ఆ మాట నమ్మలేదు.

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. ఆ సోడాకు తొమ్మిదిన్నర ఇచ్చాను. మిగిలిన అర మార్కు పందిట్లో తాగాక ఇస్తానన్నాను, పెళ్లికి పిలుపు కూడా వచ్చింది. దారంతా నా పాత మార్కుల గురించే ఆలోచించాను. ఆ నలభై సీసాలకూ నేను వేసినవి చాలావరకు ఫ్రిజ్ తెచ్చుకున్న మార్కులు. వాటిని మళ్లీ దిద్దాలి. కామెంట్ పెట్టిన ఏసోబు మాట నిజమైందని ఒప్పుకోవడం కాస్త కష్టంగా ఉంది గానీ, ఒప్పుకుంటున్నాను. గెలుపు చేతికి అందిన క్షణంలో "ఇంకోలా కూడా తాగి చూడండి" అనగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆవిడ ధైర్యంలో సగం నాకున్నా బాగుండును.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: పదకొండు లోపు చేరుకోండి, అప్పటికి పొద్దున నూరిన పచ్చి రసం అయిపోదు. మొదటి సీసా ఐసు లేకుండా అడగండి. రూతమ్మ మీ ముఖం వంకే చూస్తూ నిలబడుతుంది. మొహమాటపడకండి, బాగోకపోతే బాగోలేదనే చెప్పండి. ఆవిడ లోపలికెళ్లి ఇంకో గిన్నె తెస్తుంది.