వాక్యం ఉన్న గడియారం

నాచారంలో నేను అద్దెకు దిగిన ఇల్లంటే ఒక గది, దానికి అంటుకుని ఒక వంటిల్లు, స్నానాల గది. మంచం ఆ గదిలోనే, బీరువా ఆ గదిలోనే, చీర మార్చుకోవడం ఆ గదిలోనే, ఎవరైనా వస్తే కూర్చోబెట్టడమూ అక్కడే. అయినా అది దొరికిన రోజు నాకు పండగే. మొగుణ్ణి వదిలేసి వచ్చినదానికి ఇల్లు ఎవరిస్తారు? కాప్రా నుంచి మౌలాలి దాకా తిరిగాను. "ఒక్కదానివే ఉంటవా? ఎవరెవరొస్తరు?" అని ప్రతి గుమ్మంలోనూ ఒకటే ఆరా. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని నాలుగు గోడలు కావాలనే నేను ఆ సంసారంలోంచి బయటపడ్డాను. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇల్లు కుదిర్చింది మా అన్నే. ఉప్పల్‌లో ఉంటాడు, ట్రావెల్స్ కారు నడుపుతాడు. పెద్దమనుషులంతా నన్ను సర్దుకుపొమ్మంటున్నప్పుడు నా మొగుడి కాలర్ పట్టుకున్నవాడు ఆయనొక్కడే. లోకంలో నేను వెనకాముందూ చూడకుండా నమ్మిన మనిషి ఎవరంటే ఆయన పేరే చెప్పేదాన్ని.

ఇంట్లో దిగిన రోజు పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. మావాళ్లలో కొత్త ఇంటికి ఎవరు వచ్చినా పట్టుకొచ్చేది బైబిల్ వాక్యం రాసిన గోడ గడియారమే. టైముకి కొరత ఉంటుంది గానీ గడియారాలకు ఉండదు. మా పిన్ని తెచ్చినది సెల్లుతో నడిచేది, దాన్ని వంటింట్లో పెట్టాను. అన్న తెచ్చినది పెద్దది. వాక్యం వెనకాల నీలం లైటు వెలుగుతుంది, అందుకని దానికో వైరు, ప్లగ్గు. తనే స్టూలెక్కి, మేకు కొట్టి, మంచానికి ఎదురుగా తగిలించాడు. "పొద్దుగాల లేవంగనే వాక్యం కనవడాలె చెల్లె" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఆదివారం వాక్యాలు వినమని వైఫై కూడా ఆయనే పెట్టించాడు.

వానాకాలంలో ఒకసారి స్టవ్ మొరాయిస్తే బాగుచేసే అతన్ని పిలిచాను. ఉన్న ఒక్క కుర్చీ మీద ఉతికిన బట్టల గుట్ట. పాపం, ముసలాయన, పని అయ్యాక మంచం అంచున కూర్చోమని టీ ఇచ్చాను. సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. అదీ ఇదీ మాట్లాడి, "స్టవ్ చేసెటోన్ని మంచం మీద కూసోవెట్టినవేంది?" అన్నాడు.

"నీకెట్ల తెలుసన్నా?"

"మీ ఓనరమ్మ చెప్పింది. ఆమె మంచిది కాదు. జర పైలంగుండు."

మా ఓనరమ్మను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. వాళ్లది నాచారం పాత ఊరే, ఇప్పుడు కాలనీలున్న చోట ఒకప్పుడు వాళ్ల పొలాలుండేవట. రోజంతా మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడటమే ఆమెకు కాలక్షేపం. మెట్ల మీంచి గుమ్మం కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. మంచం ఎలా కనిపిస్తుంది? అంటే లోపల ఏదో కెమెరా పెట్టింది. అంతే, అనుమానం పురుగులా నా బుర్రలో దూరింది.

అప్పటినుంచి ఆమె ఏం మాట్లాడినా నాకు ఆరా తీస్తున్నట్టే ఉండేది. "ఫ్యాను మంచిగ తిరుగుతుందా బిడ్డా?" అంటే, ఫ్యానులో పెట్టిందా అని తలెత్తి చూసేదాన్ని. వెంటిలేటర్‌లో పాత పేపర్లు కుక్కాను. అవతలి నుంచి చూసే అద్దమేమోనని వేలు ఆనించి, వేలికీ దాని నీడకీ మధ్య సందు ఉందో లేదో పరీక్షించాను. గీజరు ఎర్ర లైటు మీద తువ్వాలు కప్పి, తడి నేల మీద నిలబడి, స్నానాల గదిలోనే చీర కట్టుకునేదాన్ని. కుచ్చిళ్లన్నీ తడిసి ముద్దయ్యేవి. నా ఇంట్లో నేనే దొంగలా బతికాను. మంట పుట్టేది ఒళ్లంతా.

చివరికి ఫోన్‌లో వెతికి, రహస్య కెమెరాలు పట్టే డిటెక్టర్ ఒకటి తెప్పించాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. కరెంటు పారే వస్తువు చుట్టూ ఉండే విద్యుదయస్కాంత తరంగాలను పసిగట్టి కూస్తుందట. కూసింది, ఎందుకు కూయదు! స్విచ్‌బోర్డు దగ్గర కూసింది, ఫ్రిజ్ దగ్గర కూసింది, వైఫై పెట్టె దగ్గర గోల గోల చేసింది. స్విచ్‌బోర్డు విప్పితే లోపల బల్లి గుడ్లు తప్ప ఏమీ లేవు. గడియారం కింద కూడా కూసింది. వెనక లైటుంది కదా, కూయదా మరి అనుకున్నాను. అయినా వాక్యం మీదికి ఆ యంత్రాన్ని ఎత్తి పట్టడం తప్పనిపించి చెయ్యి దించేశాను.

నేను పనిచేసేది ఇక్కడే, స్టెబిలైజర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. మా టెస్టింగ్ బల్ల దగ్గర మొదట నేర్పేది ఒకటే, ముందు కరెంటు పూర్తిగా తీసెయ్, ఆ తర్వాత ఎక్కడ మిగిలిందో చూడు. రోజూ చేసే పని ఇంట్లో గుర్తు రాలేదు చూడండి. గుర్తొచ్చిన శనివారం పొద్దున్నే మెట్ల కిందికి వెళ్లి నా ఇంటి మెయిన్ దించేశాను.

"ఏమైంది బిడ్డా?" అంది పెద్దమ్మ, ఎప్పటిలాగే మెట్ల మీద.

"రిపేరు" అన్నాను పుల్లవిరుపుగా.

లోపలికొచ్చి మొదటినుంచీ తిరిగాను. స్విచ్‌బోర్డు నోరు మూసుకుంది. ఫ్రిజ్ మూసుకుంది, వైఫై పెట్టె కూడా. వెంటిలేటర్ దగ్గర, ఫ్యాను కింద, అద్దం వెనక, ఎక్కడా చప్పుడు లేదు. పెద్దమ్మను ఊరికే ఆడిపోసుకున్నానా అనుకుంటూ యంత్రాన్ని బీరువాలో పెట్టబోయాను. అది కూసింది. బీరువా పక్కనే గడియారం. నీలం లైటు ఆరిపోయి ఉంది, వాక్యం చీకటిగా ఉంది, అయినా కూస్తోంది. వంటింట్లోకి పరుగెత్తి పిన్ని గడియారం దగ్గర పెట్టాను. కిక్కురుమనలేదు.

స్టూలెక్కాను. వాక్యంలో ఒక సున్నా మిగతా సున్నాల్లా లేదు. దాని మధ్యలో ఆవగింజంత గాజు కన్ను. వెనక్కి తిప్పితే చిన్న బ్యాటరీ, దాని పక్కన ఒక మెమరీ కార్డు. రోజూ పొద్దున లేచి మొదట దాని ముఖమే చూసి దండం పెట్టాను.

ఆ క్షణంలో కూడా అన్నను కాపాడుకోవాలనే చూశాను. గడియారం అమ్మిన కొట్టువాడు మోసం చేసి ఉంటాడేమో అనుకున్నాను. కిందికి దిగి పెద్దమ్మను సూటిగానే అడిగాను, "స్టవ్ చేసెటాయన మంచం మీద కూసున్నడని మా అన్నకు నువ్వు చెప్పినవా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ అన్న నంబరే లేదు నా తాన. నీ ఇంట్లకు నేనెప్పుడొచ్చిన బిడ్డా? పిలుస్తవేమోనని సూస్తనే ఉన్న, ఒక్కదినం పిలువకపోతివి."

మెట్ల మీద ఆమె పక్కనే కూలబడ్డాను. ఏమీ అడగకుండా లోపలికెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక గడియారాన్ని తువ్వాలులో చుట్టుకుని ఉప్పల్ వెళ్లాను. వదిన ముందుగదిలో కింద కూర్చుని వంకాయలు కోస్తోంది. అన్న సోఫాలో ఫోన్ చూసుకుంటున్నాడు. తువ్వాలు విప్పి, గడియారాన్ని ఆయనకు ఎదురుగా టీపాయ్ మీద నిలబెట్టాను. అన్న దేనికి తెచ్చావని అడగలేదు. ఆయన అడుగుతాడని దారి పొడుగునా ఆశపడ్డాను.

వదినే అడిగింది. "అయ్యో, గింత మంచి గడియారం, ఎందుకు తెచ్చినవ్? నడుస్తలేదా?"

"మంచిగనే నడుస్తుంది వదినా. మీ పడకగదిల పెట్టుకోన్రి, మంచానికి ఎదురుంగ" అన్నాను, అన్ననే చూస్తూ.

వదిన ముఖం విప్పారింది. చేతులు తుడుచుకుని గడియారాన్ని ఎత్తుకుంది. "నాకు మస్తు నచ్చింది ఇది. ఏమయ్యా, మేకు యాడ కొడదాం?"

అన్న ఒక్క ఉదుటున లేచాడు. "వద్దు" అని ఆమె చేతుల్లోంచి లాక్కుని, వాక్యం కనపడకుండా తన చొక్కాకేసి అదిమి పట్టుకున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు, "నీ మంచికే చెల్లె. ఒక్కదానివే ఉంటున్నవని."

"నువ్వు కారు తీస్కపోతే వదిన గూడ దినమంత ఒక్కతే ఉంటది గదన్నా" అన్నాను.

నా కోసం ఒకడి కాలర్ పట్టుకున్న ఆ చేతులే ఇప్పుడు గడియారం అంచుల్ని వదలడం లేదు. అంత కోపంలోనూ నాకు ఆయన మీద జాలేసింది, ఆ జాలి మీద మళ్లీ కోపం వచ్చింది.

వదిన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నవ్వు పోయింది. "ఏందయ్యా, ఏముంది దాంట్ల?" అంది.

దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వదిన అదే మాట మళ్లీ అడగడం వినిపించింది, ఈసారి గట్టిగా.